మూడూళ్ళ పొయ్యి

కొత్తవాడ, వరంగల్
30-10-1978

వియ్యపురాలు సమ్మమ్మకు,

కొత్తవాడ నుంచి మొగిలమ్మ చెప్పి రాపిచ్చేది. నీ కార్డు అందింది. మరిపెడల కవర్లు అయిపోయినయా, కార్డు మీద రాపిచ్చినవ్? పోస్టాయన మా గడపల నిలవడి మొత్తం సదివి, "జర కోపంగనే రాసిండ్రు అవ్వా" అని నాకే చెప్పి సైకిలెక్కిండు. ఇప్పుడు వాడకట్టుకంత ఎరుకే, మొగిలమ్మ తన మనుమరాలికి బాలింతప్పుడు తురకల తిండి, మరాఠోళ్ళ తిండి పెడ్తాందని. ఎరుకైతె కానియ్. నేను దాచిపెట్టి పెడ్తలేను.

నీ కొడుకు సత్యనారాయణ మొన్న గురువారం బిడ్డను సూడనొచ్చిండు. పీటేసి అన్నం పెట్టిన. తినుకుంట తినుకుంట నా మనుమరాలు అనసూర్య పళ్ళెం దిక్కు సూసిండు. సజ్జరొట్టె, దాని మీద వెన్న, సన్నాకుల సోయికూర, గిన్నెడు పొట్టేలు కాళ్ళ రసం, పక్కన చెంబెడు గోరువెచ్చటి నీళ్ళు. పిలగాడు ముద్ద పళ్ళెంలనే పెట్టిండు. "అమ్మమ్మా, ఇది మా అమ్మకు చెప్పాల్నా?" అని అడిగిండు. చెప్పు నాయినా, ఒక్క గిన్నె గూడ ఇడువకుండ చెప్పు అన్న. బుద్ధిమంతుడు, ఒక్కటి గూడ ఇడువలే.

నువ్వు అడిగినవ్, మీ ఇంటికి ఊరు లేదా, ఆచారం లేదా అని. ఉన్నది. ఒక్కటి కాదు, మా పొయ్యికి మూడూళ్ళున్నయ్. ఇను.

నా పెండ్లయిన ఏడాదే కొత్తవాడల మగ్గాలు ఆగినయ్. నా పెనిమిటి నన్నూ వాళ్ళమ్మనూ తీసుకొని షోలాపూర్ మిల్లుకు పోయిండు. మిల్లు కూలోళ్ళు వరుసగ అర్రలల్ల ఉండే చాళ్ళ మాకు ఒక్కటే అర్ర. ఇటు పక్క గుల్బర్గ దిక్కు నుంచి వచ్చిన బడేబీ, అటు పక్క మరాఠామె, నడుమ మేము. గోడలు ఎంత పలుచనంటె వాళ్ళు పోపు పెడితె మాకు తుమ్ములొచ్చేటియి. జొన్నలు మనకూ ఎరుకేనాయె, మనం గటుక కాస్తం. ఆ మరాఠామె రొట్టె కొడుతుంటె సూడాలె సమ్మమ్మా! పిండిముద్ద రెండు అరచేతుల నడుమ తిరుక్కుంట తిరుక్కుంట ఇసుర్రాయంత అయ్యేది, అంచు ఎక్కడా పగులకపోయేది. నేను నేర్చుకోను రెండేండ్లు పట్టింది. పల్లీలు, ఎల్లిపాయ, ఎండుమిరప రోట్లేసి నూనె బయటికొచ్చేదాంక దంచేది. ఆ తొక్కు మీద మా ఆయన పాణం ఉండేది.

పదునెనిమిదేండ్లకు మిల్లుల పని పోయింది. భివండి పోయినం. అక్కడ సముద్రం దగ్గర. దండెం మీద పంచెలు ఆరేసినట్టు చేపలు ఆరేస్తరు, బొంబిల్ అంటరు. ఆ వాసనకు మూడు దినాలు నేను అన్నం ముట్టలే. నాలుగో దినం అడిగి పెట్టిచ్చుకున్న.

అట్ల తిరిగి తిరిగి కొత్తవాడకే వచ్చి జంపఖానాలు నేసుకుంటానం. కని నాలిక వాపసు రాలే. మా ఇంట్ల గురువారం సగ్గుబియ్యం. పుంటికూరల పల్లీలు. పొద్దున ఛాయల పావురొట్టె ముంచుకుంటం. నా కొడుకు ఎల్లస్వామి ఇప్పటికీ ఉల్లిగడ్డను కత్తిపెట్టి కోయడు, పిడికిలితోటి గుద్ది పగులగొడ్తడు. మా కోడలు, అనసూర్య తల్లి, బతికున్నన్ని రోజులు నవ్వేది, ఇది ఇల్లా రైలుడబ్బానా అని. నవ్వుకుంటనే అన్నీ వండ నేర్చుకున్నది.

బాలింత వంట గూడ నేను అక్కడ నేర్చుకున్నదే. నేను చదువుకోలే, కని ఎవరి చేతి వంట ఎందుకు మంచిదో నాకు తెలుసు. ఇంక రాపిచ్చేది ఉన్నది. ఇప్పుడు రాపియ్య.

తల్లీబిడ్డ మంచిగున్నరు.

మొగిలమ్మ


మరిపెడ
3-11-1978

మొగిలమ్మ గారికి,

సమ్మమ్మ రాపిచ్చునది. మీ ఉత్తరం అందింది. కవరు విప్పంగనె నా కొడుకు ముఖం మారింది. ఏందిరా అంటె, అక్షరాలు అనసూర్యవి అన్నడు. పదకొండో దినం పచ్చి బాలింతతోని మూడు పేజీలు రాపిస్తరా? కండ్లు పోవా? మెడనరాలు గుంజవా? ఇదేనా షోలాపూర్ల నేర్చింది?

మీ మూడూళ్ళ కథ మంచిగున్నది. మా ఆయన వీరభద్రం దుకాణంల బట్టల మూటలు కట్టుడు బందువెట్టి రెండుసార్లు సదివిపిచ్చుకొని ఇన్నడు. ఉల్లిగడ్డ కాడ నవ్విండు గూడ. నాకైతె నవ్వు రాలే.

మా ఇంట్ల నావి ఆరు కాన్పులు. ఒక్కపూట అన్నం, ఎల్లిపాయ కారం, మిరియాల పొడి, పొద్దున లేవంగనె కాయం ముద్ద. నీళ్ళు తొమ్మిది దినాలు గుక్కెడే, అదీ కాచి. పచ్చి ఒళ్ళు మీద చెంబులకు చెంబులు నీళ్ళు తాపితె ఒళ్ళు ఉబ్బదా? ఆ చల్లదనం పాలల్ల దిగి బిడ్డకు రాదా? మా అత్త చెప్పింది, వాళ్ళత్త చెప్పింది. ఎవరూ రైళ్ళెక్కి నేర్చుకొని రాలే.

మీరు పెద్దోళ్ళు. మీ ఊరూరి తిండి మీరు కడుపునిండ తినుండ్రి. అనసూర్య మీ పిల్లనే, నేను కాదంటలేను. కని ఆ పసిగుడ్డు మా ఇంటిది. వాని ఒంట్లకు ఏం దిగాల్నో చెప్పే హక్కు నాకున్నది.

తొమ్మిదో తారీకు ఇరువయ్యొకటో దినం. తొట్టెల చేసుకుందాం. జీపు మాట్లాడినం. బిడ్డను తొట్టెలల ఏసి, పాట పాడి, అదే జీపుల తల్లినీ బిడ్డనూ మరిపెడకు తెచ్చుకుంటం. అయిదు నెలలు పుట్టింట్ల ఉంచుకునే ముచ్చట మర్చిపోండ్రి. బట్టలు సర్ది పెట్టుండ్రి.

సమ్మమ్మ


కొత్తవాడ, వరంగల్
5-11-1978

సమ్మమ్మా,

ఇవి అనసూర్య అక్షరాలు కావు. మా వాడకట్టు కిరాణం జహీరుద్దీన్ రాస్తాండు. బాలింతతోని రాపిచ్చుడు నాదే తప్పు, నువ్వు తిట్టుడు న్యాయమే. అసలుకు ఈ ఉత్తరం దానితోని రాపిచ్చేది గూడ కాదు. ఇందులున్న ముచ్చట దానికి తెల్వది.

జీపు అన్నవ్ కాబట్టి చెప్తాన. లేకపోతె చెప్పకపోదును.

బిడ్డ పుట్టిన దినం నువ్వు నీ కొడుకుతోని కాయం డబ్బ పంపినవ్. ఎట్ల తినాలె, ఎంత తాగాలె అన్నీ చెప్పి పంపినవ్. నేను ఆ మాట తీసెయ్యలే. అయిదు దినాలు నువ్వు చెప్పినట్టే చేసిన. నాకు లోపల వద్దు వద్దు అనిపిచ్చినా చేసిన. మొదటి కాన్పుకే అత్త మాట కాదంటె రేపు ఆ పిల్లకు మీ ఇంట్ల బతుకు ఎట్లుంటదో అని భయపడ్డ. నన్ను ఈ వాడకట్టుల ఎవరన్నా అడుగు, మొగిలమ్మ ఎవరికి భయపడ్డదని. నీకు భయపడ్డ.

ఆరో దినం తెల్లారంగ బిడ్డ ఏడుస్తలేడు. ఏడ్సే బిడ్డతోని ఫికర్ లేదు, ఏడ్వకుంట సూసే బిడ్డతోని ఉంటది. అనసూర్య పెదవులు తెల్లగ పొరలు లేచినయ్. రొమ్ముల పాలు లేవు. ఎల్లస్వామి షెడ్డుకు ఉరికి నూలు తూచే తరాజు తెచ్చిండు. చిప్పల మెత్తటి బట్టేసి బిడ్డను పండవెట్టినం. పుట్టినప్పుడు దవాఖాన కాయితం మీద రెండు కిలోల ఆరు వందలు. ఆ పొద్దు రెండు కిలోల మూడు వందలు. నా కొడుకు నలభై అయిదేండ్ల మనిషి, తూకంరాళ్ళు మల్ల మల్ల లెక్కవెట్టిండు.

హనుమకొండ దవాఖానకు ఎత్తుకపోయినం. నర్సమ్మ బిడ్డను గాదు, మొదలు తల్లి నాలిక సూసింది. "ఈమెకు నీళ్ళిస్తున్నరా?" అని నన్ను అడిగింది. నేను తలకాయ కిందికేసిన.

నా పుట్టుకల తలకాయ కిందికేసింది రెండే సార్లు. అదొకటి. మొదటిది షోలాపూర్ల.

నా మొదటి సంతానం ఎల్లస్వామి కాదు సమ్మమ్మా. ఆడపిల్ల. చాళ్ళనే పుట్టింది. మా అత్త చెడ్డ మనిషి కాదు, ఆమెకు చెప్పినోళ్ళు ఏం చెప్పిన్రో అదే నాకు చెప్పింది. కారమన్నం, ఒక్కపూట, గుక్కెడు నీళ్ళు. నా నాలిక అంగిట్ల అతుక్కొని మాట వచ్చేది కాదు. పాలు లేవు. పదిహేడు దినాలున్నది ఆ పిల్ల. పేరు పెట్టలే. మా ఆయన ఒక్కడే పొత్తిళ్ళల్ల ఎత్తుకపోయిండు. ఈ ముచ్చట ఎల్లస్వామికి తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు, రాస్తున్న జహీరుద్దీన్‌కు తెలుసు. జహీరుద్దీన్ కలం ఆపిండు. రాయి కొడుకా అంటాన.

రెండేండ్లకు ఎల్లస్వామి పుట్టిండు. మూడో దినం బడేబీ మా గడపల నిలవడి "క్యా ఖాయీ బహెన్?", ఏం తిన్నవ్ అని అడిగింది. చెప్పిన. ఏం తాగినవ్ అన్నది. అదీ చెప్పిన. ఆమె అటునుంచటే బజారుకు పోయింది. ఒక కొత్త కుండ, కొత్త గంటె పట్టుకొచ్చింది. "నా కుండల వండితె మీ అత్త నిన్ను తిననియ్యది" అని మా పొయ్యి కాడనే కూసున్నది. మా కట్టెలు, మా నీళ్ళు. వాము, సొంఠి, బెల్లం, తుమ్మబంక నెయ్యిల ఏగిచ్చి అఛ్వానీ కాసింది. మా అత్త తిట్టిన తిట్లు నేను ఇప్పుడు రాపియ్యను, జహీరుద్దీన్ సిగ్గువడ్తడు. బడేబీ గంటె తిప్పుకుంట, "మాజీ, నన్ను తిట్టు, ఎంతన్న తిట్టు, పిల్లను తాగనియ్" అన్నది. నలభై దినాలు వచ్చింది సమ్మమ్మా. ఆమె పెనిమిటి హమాలి, ఇంట్ల నలుగురు పిల్లలు. తన పిల్లలకు గంజి కాసిపెట్టి వచ్చి నాకు కాళ్ళ రసం కాసింది. అటు పక్క మరాఠామె సూసుకుంట ఊకుంటదా? అళీవ్ అని ఎర్రటి సన్న గింజలు, పాలల్ల నానిపి బెల్లమేసి పాయసం తెచ్చింది. సోయికూర తెచ్చింది. వాళ్ళిద్దరికి ఒకరి భాష ఒకరికి సగమే వచ్చేది. నా పళ్ళెం కాడ మాత్రం కొట్లాడేటోళ్ళు, ముందు నాది తినాలె అంటె ముందు నాది తినాలె అని.

పదో దినానికి నా రైక తడిసింది. ఎల్లస్వామి బతికిండు. వానికి పుట్టిందే నీ కోడలు.

ఇప్పుడు చెప్పు, నేను ఎవరి ఆచారం పట్టుకోవాలె?

ఇంకొక మాట. నీ కాయం డబ్బ పారేసిన అనుకుంటున్నవేమో. దినాం పొద్దున అనసూర్యకు నేనే ఉండ చేసి పెడ్తాన. పిప్పళ్ళు మాడకుండ, పచ్చివాసన లేకుండ ఏగిచ్చినవ్, అట్ల ఏగిచ్చుడు నాకు రాదు. మా పొయ్యి కాడ మీ మరిపెడకు గూడ జాగున్నది.

జీపుల రా. తొట్టెల మంచిగ చేద్దాం. తరాజు నీ చేతికిస్త, నువ్వే తూచు. పుట్టినప్పటి కంటె తక్కువుంటె తల్లినీ బిడ్డనూ నేనే జీపెక్కిస్త. ఎక్కువుంటె అయిదు నెలలు ఈడనే ఉంటరు.

మొగిలమ్మ


కొత్తవాడ, వరంగల్
30-11-1978

సమ్మమ్మా,

మూడు వారాలాయె, నీ నుంచి ఒక్క ముక్క లేదు. ఈసారి నేను గూడ కార్డే రాపిస్తాన, పోస్టాయన సదువుకోనియ్.

తొట్టెల నాడు మూడుసార్లు తూచినవ్. నా తరాజు మీద నమ్మకం లేక మూడోసారి చిప్పలు మార్చి తూచినవ్. మూడుసార్లూ రెండు కిలోల తొమ్మిది వందలు. మాట తప్పలే నువ్వు, జీపు ఖాళీగ తోలుకపోయినవ్. ఆ విషయంల నిన్ను మెచ్చుకున్న. ఎల్లస్వామి గూడ మెచ్చుకున్నడు.

ఒక్కటే నాకు సమజ్ కాలే. అందరం బువ్వ తింటానం. సజ్జరొట్టె నువ్వు గూడ రెండోది అడిగి ఏపిచ్చుకున్నవ్. అనసూర్య చెంబెత్తి గటగట నీళ్ళు తాగింది. నువ్వు ఎంగిలి చెయ్యితోనే లేచి పెరట్లకు పోయినవ్. జీపెక్కేదాంక మాట్లాడలే. నా మీద కోపమైతె తిట్టు. ఊకోకు.

ఇయ్యాల తూచినం. మూడున్నర కిలోలు.

మొగిలమ్మ


మరిపెడ
12-12-1978

పెద్దమ్మా,

ఇన్ని దినాలు గారు అని రాపిచ్చిన. నా కోడలు నన్ను అత్త అంటది, ఎల్లస్వామిని నేను అన్న అంటె నువ్వు నాకు పెద్దమ్మవే అయితవు.

కోపం కాదు. నీ మీద కాదు.

ఈ ఉత్తరం ఎవరితోని రాపియ్యాలె అని నెలరోజులు ఆలోచన చేసిన. టీచరమ్మతోని రాపిద్దామనుకున్న. మల్ల సత్యనారాయణతోనే రాపిస్తాన. వాడు వినాల్సిన ముచ్చట. మధ్యల ఆపద్దురా అని ఒట్టు పెట్టిచ్చుకున్న.

నాకు తల్లి లేదు. నా మొదటి పురుడు అత్తగారింట్లనే. ఎండాకాలం. మా అత్త నీళ్ళ కడవ తన మంచం కింద పెట్టుకొని పండుకునేది. నాలుగో దినం పగటీలి అందరు చేన్లకు పోయిన్రు. కడవ అర్రల పెట్టి గొళ్ళెమేసిపోయిన్రు. నా గొంతుల ముండ్లు. గోడ పట్టుకొని పెరట్లకు పోయిన. బర్ల కోసం గోలెంల కుడితి ఉన్నది. ఎంగిలి గంజి, తవుడు, పొట్టు తేలుతాంది. నేను మోకాళ్ళ మీద వంగి, దోసిళ్ళతోని గాదు పెద్దమ్మా, మూతి పెట్టి తాగిన. బర్రె నా పక్కన నిలవడి నన్నే సూసింది. అది జరుగలే, నన్ను పొడువలే. నాకు ఇప్పటికి దాని కండ్లు యాదికున్నయ్.

ఆ మాపు జరమొచ్చింది. బిడ్డకు విరేచనాలు. నెల రోజులు వాడు బతుకుతడా చస్తడా అన్నట్టున్నడు. ఏమో తిన్నది, ఏమో తాగింది అని ఇంట్లందరు నన్ను అడిగిన్రు. తాగలే అన్న. నేను నీళ్ళు తాగినందుకే బిడ్డకు అట్లయ్యిందని అనుకున్న. ఇరువయ్యారేండ్లు అదే అనుకున్న. తర్వాత అయిదు కాన్పులకు గుక్కెడు ఎక్కువ తాగలే, నాకు నేనే శిక్ష ఏసుకున్న. అనసూర్యకు గూడ వద్దన్నది అందుకే. గట్టిగుండుమన్నది పిల్ల మీద కోపంతోని కాదు.

ఆ పిల్ల మీ ఇంట్ల అందరి ముంగట కూసోని, ఎవరినీ అడుగకుండ, చెంబెత్తి తాగింది. ఎవరూ ఏమనలే. ఆమె తండ్రి ఇంకో చెంబు తెచ్చి పెట్టిండు. నేను ఆడ కూసోలేకపోయిన.

నీళ్ళు కాదు, కుడితి అని నాకెవరూ చెప్పలే పెద్దమ్మా. నేనెవరికన్నా చెప్తెనే కదా వాళ్ళు చెప్పేది.

పిల్లను అయిదు నెలలు కాదు, నీ ఇష్టమున్నన్ని దినాలు ఉంచుకో.

సమ్మమ్మ

అమ్మమ్మా, రాసింది నేనే, సత్యనారాయణను. ఆ బిడ్డను నేనే. అమ్మ చెప్పుకుంట పోయింది, నేను ఒట్టు ప్రకారం ఆపకుండ రాసిన. ఇప్పుడు అమ్మ లోపలికి పోయింది. నాన్న దుకాణం మెట్ల మీద కూసున్నడు, ఒచ్చినోళ్ళకు బట్ట చూపిస్తలేడు. అమ్మతోని ఏం మాట్లాడాలో నాకు తెలుస్తలేదు.


కొత్తవాడ, వరంగల్
17-12-1978

బిడ్డా సమ్మమ్మా,

ఇది నువ్వు సదివిపిచ్చుకునేటప్పుడు ఇంట్ల అందరిని కూసోవెట్టుకో. అందరు వినాలె.

నువ్వు బిడ్డకు ఏం చెయ్యలే. నీళ్ళు చెయ్యలే. గొళ్ళెం చేసింది. ఈ మాట రెండుసార్లు సదువుమని సత్యనారాయణకు చెప్పు. నాయినా సత్యనారాయణా, ఏం మాట్లాడాలో తెలుస్తలేదని రాసినవ్ గదా. మాట్లాడకు. చెంబెడు నీళ్ళు ముంచి మీ అమ్మ చేతికియ్యి. ఇరువయ్యారేండ్లకు ఆ ఇంట్ల ఒకరు ఇయ్యాలె గదా. వీరభద్రం, నువ్వు మెట్ల మీద కూసుంటె అయ్యేది లేదు, లోపలికి పో.

ఇంత ధైర్యం నేను చూడలే బిడ్డా. కన్నకొడుకును ముంగట కూసోవెట్టుకొని ఆ ముచ్చట వానితోనే రాపిచ్చినవ్. నేనైతె అనసూర్యకు దాచి జహీరుద్దీన్ కాడికి పోయిన. నీ ఉత్తరం ఇన్నంక ఇంటికొచ్చి, అనసూర్యను కూసోవెట్టి, షోలాపూర్ల పోయిన పిల్ల ముచ్చట చెప్పిన. శానసేపు ఏడ్సింది. తర్వాత ఆ పిల్లకు పేరు పెడదాం నాయినమ్మా అన్నది. ఏం పేరో ఇంక తేలలే. నువ్వొచ్చినంక తేల్చుదాం.

అవును, నువ్వు వస్తానవ్. నేను అడుగుతలేను, చెప్తాన. నీకు తల్లి లేదన్నవ్. నన్ను పెద్దమ్మ అన్నవ్, అన్నంక వాపసు తీసుకోనియ్య. నీకు పుట్టింటి పురుడు జరుగలే, ఇప్పుడు జరుగుతది. పదిహేను దినాలు. నలభై దాటిన దాన్ని, ఇదేం యేషం అంటవేమో. జనం నవ్వుతరంటవేమో. మా వాడకట్టు మా పొయ్యిని సూసి ఎప్పటి నుంచో నవ్వుతనే ఉన్నది, దానితోని మాకు అన్నం అరుగకుంట కాలే.

నులకమంచం పొయ్యి గోడ పక్కకు జరిపిచ్చిన. ఒకపక్క అనసూర్య, ఒకపక్క నువ్వు. ఎల్లస్వామి చెల్లెకని కొత్త జంపఖాన మగ్గం మీద నుంచి కోసిండు, గిరాకికి చెప్పకుండ. కాళ్ళ రసానికి కసాయి కరీంకు చెప్పి పెట్టిన. తుమ్మబంక దంచి పెట్టిన. అళీవ్ మాత్రం ఇక్కడ దొరుకది, షోలాపూర్ నుంచి వచ్చే నూలు లారీ డ్రైవర్‌తోని తెప్పిచ్చిన. కాయం మాత్రం నువ్వే చెయ్యాలె, నాకు ఆ పిప్పళ్ళు ఏగిచ్చుడు దగ్గర ఉండి నేర్పాలె.

మీ ఇంట్ల వంట ఎవరు చేస్తరని అడుగకు. వీరభద్రంకు చేతులున్నయ్. మగ్గం నేసే ఇంటి మొగోడు బట్టలమ్ముకుంటాండు, గటుక కాసుకోలేడా?

శుక్రవారం పొద్దటి మొదటి బస్సెక్కు. ఎల్లస్వామి బస్టాండ్ల నిలవడుతడు. నలుగుపిండి కలిపి, కాగుల నీళ్ళు పోసి ఉంచుత. ఆలస్యం చేసినవంటె నీళ్ళు చల్లారిపోతయ్ బిడ్డా, మల్ల కాచుడు ఈ ముసల్దానితోని కాదు.

మీ పెద్దమ్మ
మొగిలమ్మ